మందను మలిపే మాట

అదేమిటబ్బా ఆ మొదటి మాట, గుడిలో కొబ్బరికాయ కొట్టాను, అగరొత్తులు వెలిగించాను, ఇక మా కులదేవుడు బీరప్పకు మొక్కు పలకాలి, పొద్దుటి నుంచి ఆ మాట వచ్చినట్టే వచ్చి గొంతులో ఆగిపోతోంది, రేపు తెల్లవారితే మంద అమ్రాబాద్ వైపు మేతకు కదలాలి, మొక్కు పలకకుండా మా ఇంటి గొర్రె ఏనాడూ పొలిమేర దాటలేదు, ఏటా పలికేది మా అమ్మ సత్తమ్మ, ఈసారి ఆమె గొంతుకు ఆపరేషన్ చేసి నెల రోజులు నోరు మెదపొద్దన్నారు దవాఖానలో, రాసివ్వమందామంటే ఆమెకు చదువు రాదు, వచ్చినా మొక్కు పలికే మా ఇంటి భాషకు అక్షరాలెక్కడివి, తాతలు గొర్రెలతో పాటు కృష్ణ అవతలి ఒడ్డు నుంచి తెచ్చుకున్న భాష, ఇప్పుడు అమ్మ నోట్లో దేవుడి కోసం, నా నోట్లో గొర్రెల కోసం మిగిలింది, మనుషులతో ఆ భాషలో మాట్లాడటం మానేసింది నేనే, బడిలో నన్ను చూసి నవ్వారని, నా బిడ్డను చూసీ నవ్వుతారని.

ఆ బిడ్డే, నిహారిక, పక్కన నిలబడి గుసగుసగా, తెలుగుల మొక్కు బాపూ, దేవునికి అన్ని భాషలు రావా ఏంది, వస్తాయి, రాకపోతే దేవుడెలా అవుతాడు, కానీ ఊరంతా పిలిచే మాటతో నేనూ పిలిస్తే, పిలిచింది ఏ ఇంటివాడో ఆయనకెలా తెలుస్తుంది, తప్పు తప్పు, స్వామీ, చెంపలేసుకుంటున్నాను, అంతలో వెనక నుంచి హనుమంతు మామ, కురుమయ్యా, ఓ అల్లుడా, బీరప్ప నిద్రపోతాండు, జర గట్టిగ లేపు, అందరూ ఫక్కున నవ్వారు, ఆ కంగారులో కళ్లు మూసుకుని నోరు తెరిచాను, వచ్చేసింది, గడగడా వచ్చేసింది, అయితే అది మొక్కు కాదు, పొద్దుగూకే వేళ మందను ఇంటివైపు మలిపే కేక, నలభై ఏళ్లుగా గుట్టల్లో నేను వేసే కేక.

ఇంకేముంది, పసుపునీళ్లు చల్లడానికి బయట నిలబెట్టిన మంద ఒక్కసారి తలలెత్తింది, ముందు పొట్టేలు, వెనక అన్నీ, గడప తొక్కుకుంటూ గుడిలోకి, బంతిపూలు నమిలేశాయి, హారతి పళ్లెం దొర్లింది, మామ అరుగెక్కి, గిదేం మొక్కురా నాయినా, దేవుని పిలువుమంటె గొర్లను పిలిస్తివి, మూలన కూర్చున్న అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతో ఊగిపోతోంది, కళ్లలో నీళ్లు, పసుపు తీసి పొట్టేలు నుదుట పూసింది, నాకు చేత్తో సైగ, చాలు, బీరప్ప విన్నాడు, రేపు కదలండి.

మంద మొత్తం తిరిగింది, ఆ కేకకు తిరగనిది నిహారిక ఒక్కతే, గొర్రెల మధ్య ఇరుక్కుని అడుగుతోంది, బాపూ, ఏమన్నవ్, గివన్నిటికి సమజైంది, నాకే కాలే, తెలుగులో చెప్పాను, కడుపునిండ మేసిన్రు గద, ఇగ ఇంటికి రాండ్రి, పిల్లలను మర్చి రాకుండ్రి, చెబుతూ చెబుతూ ఆగిపోయాను, నలభై ఏళ్లు ఆ మాట గొర్రెలకు చెప్పాను, అవి ఏనాడూ మరవలేదు, నా పిల్లను వదిలేసి వచ్చింది నేనే, అను బిడ్డా, నా ఎనక అను, నిహారిక ఆ మాట అన్నది, వంకరటింకరగా, ఒక్క గొర్రెపిల్ల చెవి తిప్పింది, బీరప్పా, విన్నావు కదా, ఇది మా ఇంటి గొంతే.