వెర్నర్ పొగగొట్టం

శుక్రవారం వచ్చిందంటే మా కారవాన్ల వరుసలో ఎవరు బయలుదేరారో, ఎవరు ఇంకా ఊళ్లోనే ఉన్నారో పొగగొట్టాలే చెప్పేస్తాయి. ఒకప్పుడు కారవాన్‌కు, అంటే చక్రాల మీది మా చిన్న ఇంటికి, చేరాక హీటర్ వెలిగించుకుని, అది వేడెక్కేదాకా కోట్లు విప్పకుండా కూర్చునేవాళ్లం. ఇప్పుడు అందరూ ఇంటి దగ్గరే ఫోన్‌లో ఒక మీట నొక్కి కారెక్కుతున్నారు. ఇక్కడ వెమ్‌దాలెన్ కొండ కింద, మనిషి లేని కారవాన్‌లో హీటర్ దానంతటదే అంటుకుంటుంది, గోడల వెంట గొట్టాల్లో గడ్డకట్టని ద్రవం వేడెక్కి తిరుగుతుంది, కప్పు మీద గొట్టంలోంచి తెల్లటి ఆవిరి లేస్తుంది. ఆవిరి కనిపించిందంటే కాఫీకి ఇంకో కప్పు తీసి పెట్టుకోవచ్చు.

మేమిద్దరం పింఛనుదారులం కనుక చలికాలమంతా ఇక్కడే ఉంటాం. మా పక్క చోటు వెర్నర్‌ది. ఒంటి మనిషి, వారం వారం వచ్చి పోతుంటాడు. మా ఆయన హోల్గర్‌కూ అతనికీ పాత స్నేహం, కానీ పోయిన చలికాలం నుంచి మాటల్లేవు. కారణం మంచు. వెర్నర్ తన గుమ్మం ముందు మంచు ఎత్తి, అవతలి వైపు దారి ఉంది కాబట్టి, మా వైపు పోసేవాడు. ఏళ్ల తరబడి పోశాడు. పోయినేడు ఒక పొద్దున మా ఆయన తలుపు తీయబోతే అది కదల్లేదు. ఆ రోజు వాళ్లిద్దరూ అనుకున్న మాటలు నేను ఇక్కడ రాయను. మధ్యాహ్నానికల్లా మా ఆయన నారింజ రంగు కర్రలు తెచ్చి రెండు చోట్ల మధ్య వరసగా పాతేశాడు. మంచు తోసే వాహనానికి దారి అంచు తెలియడానికి పాతే కర్రలవి. నార్వేకీ మా దేశానికీ మధ్య సరిహద్దు కూడా అంత శ్రద్ధగా గీసి ఉండరు.

మాటలు మానేశారు గానీ, తాళంచెవులు మాత్రం ఎవరూ తిరిగి ఇవ్వలేదు. వెర్నర్ తాళంచెవి మా కొక్కేనికే వేలాడింది, మాది అతని కొక్కేనికి. చలికాలంలో పక్కవాడి దగ్గర తాళంచెవి లేకుండా ఉండటం ఇక్కడ ఎంత మొండివాడికైనా తోచదు.

ఫిబ్రవరిలో ఒక శుక్రవారం మధ్యాహ్నం వెర్నర్ గొట్టంలోంచి ఆవిరి లేచింది. మా ఆయన కిటికీ దగ్గర పేపర్ చదువుతున్నట్టు నటిస్తూ అటే చూస్తున్నాడు. వస్తున్నాడు మహానుభావుడు, అని గోడతో చెప్పినట్టు చెప్పాడు. ఆ కిటికీ అద్దం మీద తేమ తుడవడం ఈ ఏడాది ఆయనకు కొత్తగా పట్టుకున్న శుభ్రత. నేను నవ్వు ఆపుకుని కాఫీ పెట్టాను.

చీకటి పడినా కారు రాలేదు. దారిలో మంచు ఎక్కువై ఉంటుందన్నాడు మా ఆయన. భోజనాల దగ్గర, కారు బ్యాటరీ దిగిపోయి ఉంటుందన్నాడు. నేను ఫోన్ చేయనా అంటే మనకెందుకన్నాడు. కానీ పేపర్‌లో అదే పేజీ పట్టుకుని కూర్చున్నాడు.

తెల్లారేసరికి బయట మైనస్ ఇరవై నాలుగు. కారు లేదు. గొట్టం మీద ఆవిరీ లేదు. గ్యాస్ అయిపోయిందన్నమాట. మా ఆయన బూట్లు వేసుకుని, మా పెట్టెలోంచి నిండు గ్యాస్ బండ బయటికి లాగాడు.

"ఏమయ్యా, వెళ్లేటప్పుడు కుళాయి నీళ్లన్నీ వదిలేసే పోతాడుగా. ఆ కారవాన్ చల్లబడితే గడ్డకట్టి పగిలేదేముంది?" అన్నాను.

"పగలదు. వాడొచ్చేసరికి చల్లగా ఉంటుంది," అన్నాడు.

బండ భుజానికెత్తుకుని, మోకాళ్ల లోతు మంచులో, తను పాతిన కర్రల మధ్య నుంచే అటు దాటాడు. బండ మార్చి, లోపలికి వెళ్లి హీటర్ మళ్లీ అంటించి వచ్చాడు. వస్తూనే సణుగుడు మొదలుపెట్టాడు. దిండ్లన్నీ గోడకి ఆనించి పోయాడట, గోడ వెంట వేడిగాలి పైకెలా వస్తుందట, ఎన్నేళ్లు చెప్పినా ఆ బుర్రకి ఎక్కదట. అన్నీ ముందుకు జరిపి వచ్చానన్నాడు. కిటికీలోంచి చూస్తే ఆవిరి మళ్లీ లేచింది.

ఇక నేను ఆగలేక ఫోన్ తీశాను. మా ఆయన నా చేతిలోంచి లాక్కున్నాడు. వెర్నర్ నంబరు ఆయనకు చూడకుండానే వచ్చు. అవతల ఎత్తింది వెర్నర్ కూతురు ఇల్వా. మా ఆయన ఊ కొడుతూ వింటున్నాడు. మధ్యలో మంచం అంచున కూర్చున్నాడు.

పెట్టేశాక చెప్పాడు. నిన్న హీటర్ మీట నొక్కి, కారులో సామాను సర్దుతుంటే వెర్నర్‌కు గుండెనొప్పి వచ్చిందట. ఆస్పత్రిలో ఉన్నాడు. గండం గడిచింది. ఈ పొద్దున తెలివి రాగానే కూతురితో హీటర్ వేసి పెట్టాననీ, గ్యాస్ అడుగంటిందనీ చెప్పాడట. ఎవరికి ఫోన్ చేయమంటావు నాన్నా అని ఆ పిల్ల అడిగిందట.

"దానికి వాడేమన్నాడో తెలుసా?" అన్నాడు మా ఆయన. "ఎవరికీ చేయక్కర్లేదమ్మా, హోల్గర్ గొట్టం వంక చూస్తూనే ఉంటాడు, ఆవిరి ఆగితే వాడే వెళ్తాడు అన్నాడట."

అని మొహం చేతుల్లో పెట్టుకుని ఏడ్చాడు. నాకూ ఏడుపొచ్చింది. కాసేపటికి ముక్కు తుడుచుకుని, దొంగ వెధవ, నేను చూస్తున్నానని వాడికి ఏడాదిగా తెలుసన్నమాట, అన్నాడు.

మార్చిలో ఇల్వా వెర్నర్‌ను తీసుకొచ్చి దింపింది. సగం చిక్కిపోయాడు. పార ముట్టుకోకూడదని డాక్టరు గట్టిగా చెప్పాడట. మర్నాడు పెద్ద మంచు పడింది. పొద్దున్నే మా ఆయన పార పట్టుకుని వెర్నర్ గుమ్మం ముందు ఎత్తడం మొదలుపెట్టాడు. వెర్నర్ దుప్పటి కప్పుకుని తలుపులో నిలబడ్డాడు. మొదటి పార నిండింది. అటు దారి, ఇటు కర్రల వరస, దాని వెనక మా కారవాన్. మా ఆయన పార పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"ఏరా, ఎక్కడ పోయాలో మర్చిపోయావా?" అన్నాడు వెర్నర్.

మా ఆయన అడ్డున్న కర్ర పీకి పక్కన పడేసి, పారెడు మంచూ మా వైపు పోశాడు.

"ఇంకాస్త ఎడమకి పొయ్యి," అన్నాడు వెర్నర్.

ఎడమకే, సరిగ్గా మా గుమ్మం ముందే పోశాడు. మరుసటి రోజు పొద్దున మా తలుపు కదల్లేదు. మా ఆయన ఒక్క మాట కూడా అనకుండా కిటికీలోంచి దిగాడు.