మూలుగు సమ్మె

మా మామగారు జోకు వేస్తే నవ్వకూడదు, మూలగాలి. పెళ్లయిన మూడో వారంలో ఆ సంగతి తెలియక నేను నవ్వాను.

శుక్రవారం సాయంత్రం సరస్సు ఒడ్డున ఉన్న క్లబ్బులో చేపల వేపుడు తింటున్నాం. నా పక్కన నెల్స్. అప్పటికింకా వడ్డించే అమ్మాయితో "మా ఆయనకి నిమ్మకాయ ముక్క ఇంకోటి కావాలట" అని చెప్పడానికే నాకు ఒళ్లు పులకరించేది. నిమ్మకాయ ఆయనకి అక్కర్లేదు, నాకు ఆ మాట అనాలని ఉంది, అంతే. ఎదురుగా మా మామగారు వెండెల్, ఆయన పక్కన నెల్స్ అక్క గ్రెచెన్. వెండెల్‌కి షుగరు. ఆ శీతాకాలమే కుడికాలి వేళ్లు రెండు తీసేశారు. ఎలా ఉందని నేను మర్యాదకి అడిగాను.

"బ్రహ్మాండంగా ఉందమ్మా డార్సీ. డాక్టర్లు నా సమస్యని వేళ్లతో సహా పీకేశారు."

కళ్లమ్మట నీళ్లొచ్చేలా నవ్వాను. తల ఎత్తి చూస్తే బల్ల చుట్టూ ఒక్కరూ నవ్వడం లేదు. నెల్స్ బల్ల కింద నా మోకాలు గిల్లాడు. వెండెల్ మొహం చూస్తే ఆయన ఒళ్లో నేను పులుసు ఒలకబోసినట్టుంది.

"నవ్వుతావేంటమ్మా? మీ ఇంట్లో ఇవన్నీ నేర్పలేదా?" అన్నాడు. "'అబ్బా' అనాలి. ఎక్కడో నొప్పి పుట్టినట్టు. ఏదీ, మళ్లీ వేస్తాను."

మళ్లీ వేశాడు. నెల్స్, గ్రెచెన్ కళ్లు తేలేసి "అబ్బా... నాన్నా!" అని ఒకేసారి మూలిగారు. పక్క బల్ల వాళ్లు కూడా మూలిగారు. వెండెల్ తృప్తిగా రొట్టె ముక్క తుంచుకున్నాడు. మా నాన్న బ్యాంకు ఉద్యోగి, ఏడాదికొకసారి చిరునవ్వు నవ్వుతాడు. నాకిదంతా పండగలా ఉంది.

ఇది పండగేమీ కాదని కారులో నెల్స్ చెప్పాడు. వాళ్లమ్మ లోర్నా బతికుండగా అందరికంటే పొడుగ్గా మూలిగేదావిడేనట. నాలుగేళ్ల కిందట ఆవిడ అంత్యక్రియల్లో చర్చి నిండా జనం ఉండగా, శవపేటిక పక్కన నిలబడి వెండెల్ అన్నాడట: "మా లోర్నా చెయ్యనిదంటూ లేదు. కేకులు చేసింది, ఊరగాయలు చేసింది, ఆఖరికి కాలం కూడా చేసింది." చర్చిలో ఒక్క గొంతూ మూలగలేదు. గ్రెచెన్ లేచి బయటికెళ్లిపోయింది. ఆ రోజు నుంచి తండ్రికి వండిపెడుతుంది, మందులు తెచ్చిపెడుతుంది, ఆయన్ని క్షమించడం మాత్రం చెయ్యదు.

మార్చిలో ఆ కాలు మళ్లీ నల్లబడింది. గురువారం నాడు సర్జను చూసి పాదం మొత్తం తీసెయ్యాలన్నాడు. మంగళవారం పొద్దున ఆపరేషను గది ఖాళీ ఉంది, సోమవారం మధ్యాహ్నంలోపు ఫోను చేసి సరేనంటే చాలు. ఆలస్యం చేస్తే మోకాలి దాకా పోవచ్చు, ఇంకా ఆలస్యం చేస్తే మనిషే పోవచ్చు. వెండెల్ సరే అనలేదు, వద్దనీ అనలేదు. ఎప్పుడడిగినా ఒక జోకు. అందరూ మూలిగేవాళ్లు, మాట అక్కడితో తెగిపోయేది.

శనివారం గ్రెచెన్ మా ఫ్లాటుకొచ్చింది. కౌంటీ రోడ్ల శాఖలో మంచు తోసే లారీ నడుపుతుందావిడ. కూర్చోమన్నా కూర్చోలేదు.

"రేపటి భోజనంలో ఎవరూ మూలగడానికి వీల్లేదు," అంది. "నవ్వడానికీ వీల్లేదు. ఏమన్నా రాయిలా కూర్చోవాలి. మూలిగితేనే కదా ఆయనకి తప్పించుకునే దారి దొరికేది? ఆ దారి మూసేద్దాం. అప్పుడు నోరు తెరిచి సమాధానం చెప్పక చస్తాడా?"

"పెద్దాయన్ని ఇంతమందిమి చేరి..." అన్నాడు నెల్స్.

"నువ్వు నోర్ముయ్. ఆయన గొయ్యి తవ్వుతున్నది మన మూలుగులే." నా వైపు వేలు చూపించింది. "నా భయమంతా నీ పెళ్లాంతో. తనకి రొట్టె పెనం పొగ చూసినా నవ్వొస్తుంది."

నిజమే. మేం కొన్న మొదటి పెనం అది, పొగ కూడా ముద్దుగానే ఉండేది. అయినా నవ్వనని ఒట్టేశాను.

ఆదివారం మంచు కురుస్తోంది. ఏ నిమిషాన పిలుపొస్తుందో తెలియదని గ్రెచెన్ పనిబూట్లతోనే బల్ల దగ్గర కూర్చుంది.

"బూట్లు విప్పు. మీ అమ్మ ఇల్లిది," అన్నాడు వెండెల్.

"విప్పను. మంగళవారం ఆస్పత్రికెళ్తున్నావా, లేదా?"

వెండెల్ పంది మాంసం ముక్కలు చేసుకుంటూ కూర్చున్నాడు. కుడికాలికి కట్టు, కట్టు మీద తెల్లటి మేజోడు, దాని మీద ముందు భాగం కత్తిరించిన చెప్పు.

"ఇన్నాళ్లూ నా కాలం బాలేదనుకున్నాను," అన్నాడు. "తీరా చూస్తే బాగాలేనిది కాలు."

ఎవరూ ఉలకలేదు. వెండెల్ అలవాటు ప్రకారం రెండు క్షణాలు ఆగాడు. మూలుగు రాలేదు. ఒకసారి మా ముగ్గురి మొహాలూ చూశాడు.

"రిటైరయ్యాక కాలు మీద కాలేసుకుని కూర్చుందామనుకున్నాను. ఇప్పుడు ఏ కాలు మీద ఏ కాలు?"

నెల్స్ పులియబెట్టిన క్యాబేజీని పళ్లెంలో అటూ ఇటూ నెడుతున్నాడు. నేను ఉప్పుసీసా మీద రాసింది మూడోసారి చదువుతున్నాను.

"ఓహో," అన్నాడు వెండెల్. "కూడబలుక్కున్నారన్నమాట."

"అవును. వెళ్తున్నావా లేదా?" అంది గ్రెచెన్.

"నేను మడమ తిప్పే రకం కాదమ్మా. మంగళవారం తర్వాత తిప్పుదామన్నా మడమ ఉండదు."

"అంటే వెళ్తున్నట్టేనా?"

"అలా అన్నానా?"

"నాన్నా!"

"అరవకు. నెల్స్, నువ్వు కూడానా? చిన్నప్పుడు ఉరుముకి భయపడి నా పక్కలో దూరినోడివి, ఇవాళ అక్క చెప్పిందని నా మీద మౌనవ్రతమా? ఆడదాని వెనక దాక్కోవడం నీకు కొత్త కాదులే. అప్పుడు అక్క, ఇప్పుడు పెళ్లాం."

నెల్స్ చెవులు ఎర్రబడ్డాయి. నోరు మాత్రం విప్పలేదు. వెండెల్ నా వైపు తిరిగాడు.

"నువ్వు నవ్వమ్మా డార్సీ. మూలగడం రాదుగా నీకు. పదకొండు వారాల పెళ్లికూతురివి, లోకమంతా నీకు చక్కిలిగింతలే. నవ్వు. ఈ ఇంట్లో ఒక్కరైనా మనుషులున్నారనుకుంటాను."

అంత కఠినంగా నాతో ఎవరూ మాట్లాడలేదు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. అదేం మాయో, మడమ జోకు మాత్రం గొంతులో ఇంకా గిలిగింత పెడుతూనే ఉంది. చేతి రుమాలు నోటికి అడ్డం పెట్టుకున్నాను.

"వదిలెయ్ ఆ పిల్లని," అంది గ్రెచెన్. "ఏదన్నా ఉంటే నన్నను."

"నిన్నా? నిన్నేమంటాను? నీ మొగుడికి రెండు కాళ్లూ ఉండి కూడా నీ దగ్గర నిలబడలేకపోయాడు. ఒంటికాలివాణ్ని, నేనెంత?"

ఇందులో జోకు ఎక్కడుందో వెండెల్‌కే తెలియదనుకుంటాను. గ్రెచెన్ మొహం తెల్లబడింది. ఆయన ఆగలేదు.

"చూడు, చూడు, అప్పుడే నా మీద ఒంటికాలి మీద లేస్తోంది. ఆ హక్కు నీకెక్కడిదే? అది మంగళవారం నుంచి నాది!"

నా రుమాలు వెనక నుంచి చిన్న చప్పుడు వచ్చేసింది. ఆపుకోలేకపోయాను. గ్రెచెన్ అది విని నా నోరు మూయించడానికి బల్ల కింద నుంచి ఒక్క తన్ను తన్నింది. బల్ల అదిరింది, గ్లాసులో పాలు తొణికాయి. ఇనప ముక్కు బూటు అది. నేను గట్టిగా కళ్లు మూసుకున్నాను.

నాకేం తగల్లేదు.

కళ్లు తెరిచి నెల్స్‌ని చూశాను. ఆయనకీ తగల్లేదు. వెండెల్ తన ధోరణిలో తనున్నాడు. "ఒంటికాలి మీద లేవాలంటే ముందు ఒంటికాలు ఉండాలి, దానికో అర్హత ఉండాలి, తెలిసిందా..."

కిందకి వంగి చూశాను. వెండెల్ చెప్పు ఒక పక్కకి ఎగిరిపోయి ఉంది. తెల్ల మేజోడు మీద ఎర్రటి మరక, నేను చూస్తుండగానే అరచేతంత అయింది. నన్ను చూసి నెల్స్ వంగాడు, ఆ తర్వాత గ్రెచెన్. మా ముగ్గురి తలలూ బల్ల కిందే ఉన్నాయి. పైన వెండెల్ ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు.

"ఏంటది? ఏం పడిపోయింది?" అని అప్పుడు తనూ వంగాడు.

చాలాసేపు చూశాడు. మరక నేల మీదికి దిగింది.

"ఎవరు తన్నారు?"

"నేనే," అంది గ్రెచెన్.

"గట్టిగానా?"

"గట్టిగానే."

వెండెల్ తల ఎత్తాడు. జోకు వస్తుందని ముగ్గురం ఎదురుచూశాం. గ్రెచెన్ అయితే నోరు కొద్దిగా తెరిచింది కూడా. వస్తే ఈసారి మూలిగేదనే నా నమ్మకం. రాలేదు.

"తెలియలేదు," అన్నాడు వెండెల్. "అసలేమీ తెలియలేదు."

నేను తువ్వాలు తెచ్చాను. గ్రెచెన్ మోకాళ్ల మీద కూర్చుని కట్టు మార్చబోతే ఆయన తోసేశాడు. "నువ్వు ముట్టుకోకు. డార్సీ చేస్తుంది. నువ్వు వెళ్లు, ముందు నా ఇంట్లోంచి వెళ్లు."

కట్టు నేనే కట్టాను. గ్రెచెన్ లారీ తాళాలు తీసుకుని మంచులోకి వెళ్లిపోయింది.

సోమవారం పదకొండున్నరకి మా ఫోను మోగింది. "వాళ్లకి సరే అని చెప్పాను," అన్నాడు వెండెల్. "రేపు పొద్దున ఆరింటికి కారు తెమ్మని నెల్స్‌తో చెప్పు. ఆ రాక్షసి రావడానికి వీల్లేదు."

మేం వెళ్లేసరికి రాక్షసి ఆస్పత్రి మెట్ల మీద కాఫీ తాగుతోంది. తండ్రీకూతుళ్లు పలకరించుకోలేదు. లోపల పరదా వెనక సర్జను వచ్చి, కుడి చీలమండ పైన నీలి కలంతో తన సంతకం చేసి, కలం అక్కడే బల్ల మీద మరిచిపోయి వెళ్లాడు. వెండెల్ ఆ కలం వంక చూశాడు.

"డార్సీ, ఆ కలం తీసుకో. నా మంచి కాలి మీద ఏదన్నా రాయి. కోసేవాళ్లు పొరబడకుండా. నేను వంగలేను."

"ఏం రాయమంటారు, వెండెల్?"

ఆయన పైకప్పు వైపు చూశాడు. పెదవులు కదిలాయి. వేళ్లు దుప్పటి అంచుని మడతపెడుతున్నాయి, విప్పుతున్నాయి. "ఏమో," అన్నాడు చివరికి. "ఏమీ తట్టడం లేదు."

గ్రెచెన్ నా చేతిలోంచి కలం లాక్కుంది. దుప్పటి పక్కకి తీసి, ఎడం పాదం మీద నొక్కి నొక్కి రాసింది.

"మెల్లగా! ఆ కాలికి తెలుస్తుంది," అన్నాడు వెండెల్.

"తెలియాలనే."

నర్సు వచ్చి దుప్పటి ఎత్తింది. "ఎవరమ్మా ఇది రాసింది? రెండో కాలి మీద ఏమీ రాయకూడదు, తెలుసా? డాక్టరుగారు చూస్తే నన్ను చంపేస్తారు."

"ఏం రాసిందది?" అన్నాడు వెండెల్.

నర్సు కళ్లజోడు సర్దుకుని చదివింది. "'దీన్ని ముట్టుకుంటే నిన్నూ తంతాను. ఇట్లు, గ్రెచెన్.'"

నేను నెల్స్ భుజంలో మొహం దాచుకున్నాను.

"ఇందులో జోకేముంది?" అన్నాడు వెండెల్ కోపంగా. "తలా లేదు, తోకా లేదు. మీ అమ్మ ఉంటే సిగ్గుతో చచ్చేది."

"ఉంటే మూలిగేది," అంది గ్రెచెన్.

నర్సు తడిగుడ్డతో రుద్దింది. అక్షరాలు పోయాయి గానీ పాదం మీద నీలం మిగిలింది. ఇంకో ఇద్దరొచ్చి మంచం తోసుకుంటూ వెళ్లారు. మేం తలుపుల దాకా వెనకే నడిచాం. గ్రెచెన్ బూట్లు నేల మీద తడి అచ్చులు వేస్తున్నాయి.

తలుపులు తెరుచుకుంటుండగా లోపలివాళ్లతో వెండెల్ గొంతు పెంచి మొదలుపెట్టాడు. "ఇదిగో బాబూ, నాకొక సందేహం. పద్యంలో ఒక పాదం తగ్గితే..."

తలుపులు మూసుకున్నాయి. మిగతాది మాకు వినపడలేదు.

గ్రెచెన్ మూసిన తలుపులనే చూస్తూ నిలబడింది. దవడ బిగించి ఉంది.

"అబ్బా," అంది. ఆగింది. ఊపిరి పీల్చుకుని, ఆ వరండా చివరిదాకా వినపడేలా పొడుగ్గా మూలిగింది. "అబ్బా... నాన్నా!"

తర్వాత నా వైపు తిరిగి, "నువ్వు నవ్వావంటే చంపుతాను," అంది.