సముద్రం లేని చోట తవిటయ్య కచేరీ

ఉదయం తొమ్మిదింటికి సముద్రం రెండు మైళ్ళు వెనక్కి జరిగి కూర్చుంటుంది. తవిటయ్య క్లార్నెట్ కచేరీకి చోటు చాలడం లేదని ఊరివాళ్ళు అడిగారట. అది కాదనలేదు.

తడి ఆరని అడుగునేల మీద కుర్చీలు వేస్తున్నారు. బోర్లించిన తెప్పల మీద కొందరు, ఎప్పుడో మునిగిపోయిన మరపడవ అంచు మీద కొందరు సర్దుకుంటారు. గవరమ్మ చెప్పులు చేత పట్టుకుని, గుల్లలు తొక్కకుండా ఆ జనంలోంచి నడుస్తుంది. ఆమె తవిటయ్య భార్య. పెళ్ళయి ముప్ఫయ్యొక్క ఏళ్ళయింది. అతని వాయిద్యం వినడానికి రావడం ఇదే మొదలు.

రాకపోవడానికి కారణం ఆమే. కాపురానికి వచ్చిన కొత్తలో తవిటయ్య అరుగు మీద కూర్చుని సాధన చేసేవాడు. "మీ ఇంట్లో రోజూ పెళ్ళేటే?" అని వీధి ఆడవాళ్ళు నవ్వేవారు. ఒకరోజు సిగ్గుతో ఒళ్ళు మండి ఆమె అనేసింది: "నా సెవిన పడేలాగ ఇంకెప్పుడూ ఊదకు."

"సరే, మాటిస్తన్నాను" అని అతను క్లార్నెట్ సంచిలో పెట్టుకుని బయటికి వెళ్ళాడు. ఆనాటి నుంచి జీడితోటల్లో, ఉప్పుమళ్ళ గట్ల మీద, ఐసు ఫ్యాక్టరీ వెనక దిబ్బ మీద వాయించాడు. సాయంత్రం ఇంటికొచ్చి అన్నం తినేవాడు. ఎలా జరిగిందని ఆమె అడగలేదు, అతను చెప్పలేదు. తర్వాత తర్వాత అడగాలని చాలాసార్లు అనిపించింది. కంచం ముందు తల వంచుకుని కూర్చున్న మనిషిని చూడగానే ఎక్కణ్ణించి మొదలుపెట్టాలో తెలిసేది కాదు.

కుర్చీలు సర్దే పెద్దాయన ఆమెను ఆపుతాడు.

"నీ కుర్చీ ముందు వరసలో ఉందమ్మా. ముప్ఫయ్యొక్క ఏళ్ళుగా ఏడ వాయించినా అది ఏయించందే మొదలెట్టడు."

"నానెప్పుడూ రానేదు గదా?"

"అందుకే ఖాళీగుంది."

కుర్చీ ఒకవైపు ఎండకు వెలిసిపోయింది. రెండోవైపు జీడిపూత రాలి ఉంది. దులపడానికి ఆమెకు చెయ్యి రాదు. పూత నలగకుండా ఓ అంచున కూర్చుంటుంది.

తవిటయ్య వచ్చి నిలబడి క్లార్నెట్ పెదవులకు ఆనిస్తాడు. బుగ్గలు ఉబ్బుతాయి. వేళ్ళు కదులుతాయి. అందరి కళ్ళూ మెల్లగా మూసుకుంటాయి. వెనక వరసలో ఎవరో దగ్గడం, దూరంగా పక్షి అరవడం గవరమ్మకు స్పష్టంగా తెలుస్తాయి. క్లార్నెట్ ఒక్కటే వినిపించదు.

పక్కన ఎండుచేపలమ్మే నూకమ్మ పైట చెంగుతో కళ్ళు తుడుచుకుంటోంది.

"నూకమ్మా, మొదలెట్టాడేటి?"

"ఎప్పుడో మొదలెట్టాడు. నీకు వినబడనేదా?"

"నేదు."

నూకమ్మ చెంగు దించుతుంది. "నీకు మాటిచ్చాడు గదా. తప్పే మనిషి గాడు."

"ఎలాగుందో సెప్పవే."

"మాయమ్మ నన్ను సంకనేసుకుని ఏరు దాటతన్నట్టుంది."

"ఇప్పుడో?"

"ఒడ్డున దింపేసింది. ఎనక్కి సూడకుండా ఎల్తంది."

ఊరు ఊరంతా ముప్ఫయ్యొక్క ఏళ్ళుగా తన మొగుడితో కలిసి ఏడుస్తోంది. తను మాత్రం అతను తిన్న కంచం కడుగుతూ వచ్చింది. గవరమ్మ లేచి అతని దగ్గరకు వెళ్తుంది. ఎవరూ అడ్డుచెప్పరు.

"ఇదిగో, ఆ మాట నాను ఎనక్కి తీసుకుంతన్నాను."

అతను క్లార్నెట్ దించుతాడు. "ఇప్పుడు కుదరదు గవరీ. దాని మీద నిలబడే వాయించడం నేర్సుకున్నాను. అది తీసేస్తే నాకు ఊపిరి నిలవదు."

"నా మీద కోపమా?"

"మొదటి ఏడు ఉండేది. తరవాత నువ్వడుగుతావని సూసినాను."

"ఎన్నాళ్ళు?"

"నిన్నటిదాకా."

ఆ గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండునని ఆమెకు అనిపిస్తుంది.

"అయితే ఇక్కడ నిలబడతాను."

"నిలబడు" అని అతను మళ్ళీ వాయిస్తాడు. ఆమె క్లార్నెట్ చివర అరచెయ్యి ఆనిస్తుంది. కర్ర చల్లగా, కదలకుండా ఉంటుంది.

గాలి ఆడడం లేదు. అయినా ఆమె ముడి విడిపోయి, నెరిసిన జుట్టంతా పైకి లేస్తుంది. పాయలు వేటికవే, తాళం తప్పకుండా ఊగుతాయి. కొన్ని వంగి వణుకుతాయి. కొన్ని ఒకదాన్నొకటి ఓదార్చుకుంటాయి. గవరమ్మ ఒక పాయను రెండు చేతులా పట్టుకుని చెవికి ఆనించుకుంటుంది. చేతిలోకి రాగానే అది బిగుసుకుపోతుంది.

చాలాసేపు అలాగే నిలబడి, వదిలేస్తుంది. అది పైకి వెళ్ళి మిగతా పాయల మధ్య తన చోట నిలబడి, వినడం మొదలుపెడుతుంది.