కర్పూరమంటే హడలిన గ్యాస్ గుమ్మటం

నేను ఒక మూతను. ఒక్కదాన్నా, ఇద్దరమా అన్నది మాత్రం నాకు ఈ రోజుకీ తేలలేదు. ఫ్యాక్టరీలో దళసరి ప్లాస్టిక్ గుడ్డను వేడితో అతికించి నన్ను రెండు పొరలుగా తయారుచేశారు. లోపలిది గ్యాస్‌ను పట్టి ఉంచాలి. పైదాన్ని, అంటే నన్ను, ఒక ఫ్యాను ఆగకుండా గాలి ఊదుతూ గుండ్రంగా నిలబెట్టాలి. లోపల గ్యాస్ నిండినా, అడుగంటినా, బయటికి నేను ఒకేలా కనిపిస్తాను. కడుపులో ఏముందో నాకే తెలియనప్పుడు చూసేవాళ్ళకేం తెలుస్తుంది?

అనపర్తి అవతల బులివీర్రెడ్డి గారి కోళ్ళ ఫారంలో పెద్ద సిమెంటు తొట్టి మీద నన్ను బిగించారు. తొట్టిలో కోళ్ళ పెంట. అది కుళ్ళితే గ్యాస్. ఆ గ్యాస్‌తో ఇంజను తిప్పి షెడ్లకు దీపాలు వెలిగిస్తారట. కంపులోంచి వెలుతురు ఎలా వస్తుందో నాకు అర్థం కాలేదు.

నన్ను కనిపెట్టుకుని ఉండే ఉద్యోగం నూకరత్నానిది. పాలిటెక్నిక్ చదివిన పిల్ల. వాళ్ళమ్మ వరహాలమ్మ అదే ఫారంలో గుడ్లు ఏరుతుంది. కూతురు నా పక్కన నిలబడితే చాలు, ఆవిడ గుడ్లు వదిలేసి కేకలేస్తుంది.

"ఒసే రత్నం, అది పేలితే నీ ముక్క కూడా దొరకదే!"

"ఇది బాంబు కాదే అమ్మా, మూత."

"మూతయితే అలా ఉబ్బుతాదేంటే?"

ఆవిడ భయం చూసే నాకూ భయం పట్టుకుంది.

ఒకరోజు పొద్దున్నే కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది. నేను ఓ పక్కకి చప్పగా వాలిపోయాను. బులివీర్రెడ్డి గారు నెత్తి కొట్టుకున్నారు.

"నిన్న చూడ్డానికొచ్చినోళ్ళు నిండు చూలాల్లా ఉందన్నారు. దిష్టి కొట్టేసింది! గుమ్మడికాయ తెండ్రా!"

గుమ్మడికాయ వచ్చేలోపే కరెంటు వచ్చింది. ఫ్యాను ఒక్కసారిగా ఊదేసరికి నేను బిగుసుకుని లోపలి పొరను నొక్కాను. మిగులు గ్యాస్ పక్కనున్న గొట్టంలోంచి బుస్సున బయటికి తన్నింది. ఎక్కువైతే వదిలేయడానికి పెట్టిన గొట్టమే అది. రత్నం తొట్టి అవతలి వైపు ఫ్యాను దగ్గర ఉంది. ఆ హోరులో ఇటువైపు మాటలు ఆ పిల్లకు వినపడవు.

నేను లేచి నిలబడ్డా బులివీర్రెడ్డి అయ్యగారు మొదలెట్టిన పని మానలేదు. గుమ్మడికాయ మీద కర్పూరం వెలిగించి నా వైపు నడిచారు. కిందటి నెల నా దగ్గర బీడీ కాల్చాడని ఒకణ్ణి పనిలోంచి తీసేసింది ఈయనే. బీడీది నిప్పైతే కర్పూరానిది కాదా? మనుషుల లెక్క ఏమిటో! 'ఆగండి బాబూ' అని అరుద్దామంటే నాకు నోరు లేదు. ఉన్న ఒక్క గొట్టం బుస్సుమంటోంది. గ్యాస్‌తోపాటు కుళ్ళిన గుడ్ల కంపు గుప్పుమంది. కోళ్ళ ఫారంలో ఆ కంపును ఎవరు పట్టించుకుంటారు?

ఒక్క వరహాలమ్మ ఆగింది. పగిలిన గుడ్ల సొన బక్కెట్టులో మోసుకెళుతోంది. ముక్కు ఎగబీల్చింది. మరుక్షణం పరిగెత్తుకొచ్చి, బక్కెట్టెడు సొనా కర్పూరం మీద గుమ్మరించింది. గుమ్మడికాయా తడిసింది, అయ్యగారి తెల్ల చొక్కా తడిసింది, మీసాల నుంచి పచ్చసొన కారింది.

"పిచ్చి గాని ఎక్కిందేంటే నీకు?"

"కుళ్ళిన గుడ్ల కంపండి! పొద్దున్న కుళ్ళినియ్యన్నీ నా చేత్తోనే గోతిలో పూడ్చానండి. మరి ఈ కంపెక్కడిదండీ? నా పిల్ల అవతలుందండి బాబూ!"

అందరూ గాలి పీల్చారు. రత్నం వచ్చి చూసి పాలిపోయింది.

"ఎవరూ అగ్గిపుల్ల తియ్యకండి. ఫోన్లు కూడా ముట్టుకోకండి. దూరం జరగండి."

గొట్టం సద్దుమణిగేదాకా వరహాలమ్మ కూతురి చెయ్యి వదల్లేదు. అయ్యగారు ఆవిడను మెచ్చుకోనూ లేదు, తిట్టనూ లేదు. మర్నాడు 'బీడీ, సిగరెట్టు నిషేధం' అన్న బోర్డు మీద 'కర్పూరం' అని కొత్త రంగుతో రాయించారు. అంతే.

ఏళ్ళు గడిచాయి. ఎండకు నా ఒళ్ళు పగుళ్ళిచ్చింది. కొత్త మూత వచ్చింది. నా లోపలి పొరను ఏ లారీ ఎత్తుకుపోయిందో, ఎక్కడుందో తెలియదు. నాలో ఒక ముక్క కోసుకుని వరహాలమ్మ తన వంటసావిడి మీద కప్పుకుంది. నిప్పును నా దరికి రానివ్వని మనిషి, నా కిందే పొయ్యి పెట్టింది!

అగ్గిపుల్ల గీసేముందు రోజూ తల ఎత్తి నన్ను చూస్తుంది. ముక్కు ఎగబీలుస్తుంది.

"అమ్మా, అదిప్పుడు ఉత్త గుడ్డే," అని నవ్వుతుంది రత్నం.

"తెలుసులేవే. నువ్వు కాస్త అవతలికి జరుగు."

పుల్ల గీస్తుంది. నాకు గాలి ఊదే ఫ్యాను లేదు, పట్టి ఉంచడానికి గ్యాసూ లేదు. అయినా అన్నం ఉడుకుతున్న చప్పుడు వినపడేదాకా, ఎందుకో, ఊపిరి బిగబట్టే ఉంటాను.