నాలుగో వ్యతిరేక ఓటు

కమిటీ హాల్లో వెనక బల్ల మీద కూర్చుని ఆమె పదోసారి లెక్కపెట్టుకుంది. సభ్యులు తొమ్మిది మంది, లేవాల్సిన చేతులు ఆరు. ఆరూ లేస్తే తను నడిపే పిల్లల కేంద్రం నిలుస్తుంది, లేకపోతే నెలాఖరుకి తాళం. ఇందులో అర్థం కాకపోవడానికి ఏముంది గనక? అయినా వారం రోజులుగా తండ్రి ఆమెకు ఇదే వివరిస్తున్నాడు, కూతురింకా రెండో ఎక్కం దగ్గరే ఆగిపోయినట్టు.

ఆ తొమ్మిది మందిలో ఆయనా ఒకడు. ముప్పై ఏళ్ళు బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యాడు. జేబులో ఎప్పుడూ చిన్న స్కేలుంటుంది కాబట్టి ఊరందరికీ స్కేలు మాస్టారు. కూరగాయల చీటీలో కొన్నవి కొట్టెయ్యాలన్నా స్కేలు పెట్టే గీస్తాడు. ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. ఆ కుందేలుతో ఆమె పుట్టినప్పటి నుంచీ వేగుతోంది.

సంగతేమిటంటే, ఊళ్ళో ఏ స్థలాన్ని దేనికి వాడొచ్చో తేల్చేది ఈ కమిటీయే. ఒకప్పుడు హాజరైనవాళ్ళలో సగానికి మించి చేతులెత్తితే సరిపోయేది. చిక్కు వ్యవహారం వచ్చిందంటే చాలు, పెద్దమనుషులు టీ తాగొస్తామని జారుకునేవారు. అలా మిగిలిన ఐదుగురిలో మూడు చేతులు లేచి, పిల్లలు ఆడుకునే మైదానం కాస్తా దుకాణాల సముదాయమై కూర్చుంది. నిలదీస్తే, టీకి వెళ్ళినవాళ్ళంతా మేమసలు గదిలోనే లేమే అన్నారు. మాస్టారికి అరికాలి మంట నెత్తికెక్కింది. మూడేళ్ళు అర్జీలు పెట్టి పెట్టి, చివరికి తనే ఎన్నికల్లో నిలబడి గెలిచి, ఓటు పద్ధతి మార్పించాడు. ఇకమీదట ఆరు చేతులు లేవాల్సిందే. ఓటు వేళకు గదిలో లేనివాడిది వ్యతిరేక ఓటే. తనవాళ్ళ దరఖాస్తు వస్తే సభ్యుడు లేచి బయటికి వెళ్ళిపోవాలి. ఎవరు ఎటు ఓటేశారో పేర్లతో సహా ఆ స్థలం తలుపుకే అంటించాలి. ఊరంతా చప్పట్లు కొట్టింది. ఆమె కూడా కొట్టింది, బుద్ధి తక్కువై.

ఆమె కేంద్రం బట్టల ఫ్యాక్టరీ వెనక, ఒక పాత గోడౌన్లో ఉంది. కుట్టుమిషన్ల మీద పనిచేసే తల్లులు పొద్దున్నే ఇరవై రెండు మంది పిల్లల్ని అక్కడ దించి వెళ్తారు. ఆ వీధి కాగితాల్లో సరుకు నిల్వకే ఉందని ఆరేళ్ళు ఎవరికీ గుర్తురాలేదు. మొన్నీమధ్య ఒక ఇన్‌స్పెక్టరు వచ్చి, పిల్లలు సరుకు కిందికి రారు కదమ్మా అని నోటీసిచ్చి పోయాడు. అందుకే ఈ దరఖాస్తు, ఈ పడిగాపులు. చెప్పులరిగేలా తిరిగి ఐదుగురి చేత సరేననిపించుకుంది. ముగ్గురు ససేమిరా అన్నారు. ఐదూ, నాన్నా, ఆరు. నాన్నను వేరే అడగాలని ఆమెకు తోచలేదు. నాన్న కదా! బయటికి వెళ్తానని వేరే చెప్పాలని ఆయనకూ తోచలేదు. రూలు కదా!

అధ్యక్షురాలు దరఖాస్తు చదవడం మొదలుపెట్టగానే మాస్టారు లేచి కుర్చీ సర్దాడు. ఆమె లెక్క ఐదు దగ్గరే ఆగిపోయింది.

"కూర్చోండి మాస్టారూ, ఎవరూ ఏమీ అనుకోరు," అంది అధ్యక్షురాలు. ససేమిరా అన్న కలప వ్యాపారి కూడా కూర్చోమన్నట్టు తలూపాడు.

"నేను అనుకుంటానమ్మా," అని మాస్టారు బయటికి నడిచి, చప్పుడు కాకుండా తలుపు వేసుకున్నాడు.

ఐదు చేతులు లేచాయి. గుమాస్తా రాసుకున్నాడు, మళ్ళీ దరఖాస్తు ఏడాది తర్వాతేనని కూడా చదివి వినిపించాడు.

వరండాలో తండ్రి ఎదురొచ్చి ఎన్నొచ్చాయని అడిగాడు. ఐదన్నది.

"అయితే వద్దన్న నలుగురూ ఎవరు?"

"ముగ్గురు నీకు తెలుసు. నాలుగోవాడివి నువ్వే."

మాస్టారు స్కేలు జేబులోంచి తీశాడు, మళ్ళీ పెట్టేశాడు. ముప్పై ఏళ్ళు ఊరి పిల్లలకు లెక్కలు చెప్పిన మనిషి తనను తాను లెక్కేసుకోవడం మర్చిపోయాడు! తనవాళ్ళ విషయమని బయటికి వెళ్ళినవాణ్ణి ఏ వైపూ లెక్కించకుండా, కావాల్సిన చేతుల్లోనూ ఒకటి తగ్గించాలని సవరణ పెడతానన్నాడు. దానికి రెండు నెలల ముందు నోటీసివ్వాలట, మళ్ళీ ఆరు చేతులు కావాలట. ఆమెకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. ఎవరి తల అన్నది మాత్రం తేల్చుకోలేకపోయింది.

మర్నాడు బంట్రోతు వచ్చి గోడౌను తలుపుకి కాగితం అంటించి పోయాడు. సాయంత్రం పిల్లల్ని తీసుకెళ్ళడానికొచ్చిన తల్లులు ఒక్కొక్కరే ఆగి చదివారు. కాలర్లు కుట్టే ఆవిడ నాలుగో పేరు మీద వేలు పెట్టి, ఈయన మీ నాన్నగారే కదక్కా అని మెల్లగా అడిగింది. అవునంది. సిగ్గుతో చితికిపోయింది.

ఆఖరి పిల్ల వెళ్ళాక మాస్టారు వచ్చాడు, మొహం వెలిగిపోతూ. రాత్రంతా రూల్స్ పుస్తకం తిరగేశాడట, దారి దొరికిందట. ఎవరింట్లోనైనా సరే, ఆరుగురు పిల్లల వరకూ ఏ అనుమతీ, ఏ ఓటూ అక్కర్లేదట. ముందు గది ఖాళీ చేసేశాను, ఒకటో తారీకు నుంచి మనింట్లోనే నడుపుకో తల్లీ అన్నాడు.

ఆమె పిల్లల పక్కలు మడతపెట్టడం ఆపి, హాజరు పుస్తకం తెచ్చి ఆయన ముందు పెట్టింది. పైన పెన్సిలు పెట్టింది.

"ఇరవై రెండు పేర్లున్నాయి. పదహారు కొట్టెయ్యి నాన్నా. గీత నీకైతే తిన్నగా వస్తుంది."

మాస్టారు అలవాటుగా స్కేలు తీసి మొదటి పేరు మీద పెట్టాడు. అది కాలర్లు కుట్టే ఆవిడ కూతురిది, ఆయన కనిపిస్తే తాతా అని కాళ్ళకు చుట్టుకునే పిల్లది. స్కేలు కిందికి జరిపాడు. రెండో పేరు, మూడో పేరు... అడుగుదాకా వెళ్ళి, మళ్ళీ మొదటికే వచ్చాడు. పుస్తకంలో ఒక్క గీతా పడలేదు.

"ఇది నావల్ల కాదమ్మా," అన్నాడు.

"నిన్న చేసిందీ ఇదే నాన్నా," అంది ఆమె, మళ్ళీ పక్కలు మడతపెట్టుకుంటూ. "కాకపోతే నిన్న గది బయటున్నావు."