అంచు దాకా గీత

కంప్యూటర్ తెర మీది గీత మళ్లీ అంచుకు వేలెడు దూరంలోనే ఆగిపోయింది. ఆసుపత్రి రికార్డుల గదిలో గ్రాఫులు తయారుచేసే ఆయన కళ్లజోడు చొక్కా కొసతో తుడుచుకుని, కోడ్‌ను మొదటి వరుస నుంచి మళ్లీ చదవసాగాడు. పందొమ్మిదేళ్లుగా అదే కుర్చీ. వార్డుల్లో అందరికీ ఆయన ‘గీతలాయన’. అసలు పేరు ఎవరికైనా గుర్తుందో లేదో.

పొద్దున డాక్టరమ్మ ఒక గ్రాఫు తెచ్చి బల్ల మీద పెట్టింది. “చుట్టూ ఇంత తెలుపెందుకండీ? అంకెలు చీమల్లా ఉన్నాయి. నిన్న మూడో పడక ఆక్సిజన్ ఎనభై ఎనిమిదైతే, నర్సు తొంభై ఎనిమిదనుకుంది. సాయంత్రానికి మార్చివ్వండి.”

మూడో పడక ఆయన అక్కది. అమ్మ పోయాక ఆయన్ని పెంచింది ఆవిడే. ఆ సంగతి నర్సుకు తెలుసు గానీ, డాక్టరమ్మకు ఆయన చెప్పలేదు.

గీతకు రెండు కొసల్లో ప్రోగ్రాం తనంతట తానే వదిలే ఖాళీని సున్నా చేశాడు. గీత అంచును తాకింది. బొమ్మ చుట్టూ మిగిలిన తెలుపును కత్తిరించమని ఇంకో వరుస రాశాడు. ఈసారి ఎడమవైపు అంకెలు తెగాయి. ఎనభై కాస్తా సున్నా అయి కూర్చుంది. అంకెలు పట్టేంత చోటు కొలిచి వదిలి, మళ్లీ అచ్చు తీశాడు.

మధ్యాహ్నం అక్క ఫోన్ చేసింది. మాటకూ మాటకూ మధ్య ఆయాసం.

“తిన్నావురా?”

“తిన్నానక్కా.” తినలేదు.

“గొంతేంటి అలా ఉంది? ఎవరైనా ఏమైనా అన్నారా?”

“ఎవరూ ఏమీ అన్లేదు. పనయ్యాక వస్తా.”

నాలుగింటికి గ్రాఫు కాగితం నిండా పరుచుకుంది. అంకెలు చేయిచాచినంత దూరం నుంచి కూడా తెలుస్తున్నాయి. పడకలన్నిటివీ అచ్చు తీసి, కట్ట చంకలో పెట్టుకుని మెట్లెక్కాడు.

వార్డు గుమ్మంలోనే నర్సు ఎదురొచ్చింది. చేతిలో ఫోన్ ఉంది. “మీకే చేస్తున్నానండీ. ఇప్పుడే... నిద్రలోనే పోయారు.”

ఆయన గోడకు చేయి ఆనించి నిలబడ్డాడు.

“నిన్న అంకె తప్పు చదివింది నేనే,” అంది ఆమె, తల ఎత్తకుండా. “దానివల్లేనేమో, నాకు తెలీదు.”

“మీ తప్పు కాదమ్మా. చదవడానికి వీలుగా లేదది.” కట్టలోంచి ఒక కాగితం తీసి మడిచి జేబులో పెట్టుకున్నాడు. “మిగతావాళ్లవి తగిలించెయ్యండి.”

మూడో పడక మీద అక్కకు ముఖం దాకా దుప్పటి కప్పేశారు. తలవైపు ఇనప కమ్మీ మీద అక్క ఉతికి ఆరేసుకున్న చేతిరుమాలు ఇంకా తడిగానే ఉంది.