ఆరోగ్యవంతుల వరస

"వంకాయలు ఇంకాస్త కాలాలి అమ్మాయ్, తొక్క ఊడి రావట్లేదు," అంది అత్తగారు ఔరికా, బాల్కనీలో కుర్చీ వేసుకుని కూర్చుని.

సెప్టెంబరు వచ్చిందంటే క్రయోవా ఊళ్లో ఏ అపార్ట్‌మెంటు ముందునుంచి వెళ్లినా ఇదే కమురు వాసన. వంకాయలూ, లావుపాటి ఎర్ర మిరపకాయలూ కాల్చి, తొక్కలు వలిచి, ఉల్లిపాయలతో నూనెలో గంటల తరబడి మగ్గించి సీసాల్లోకి ఎత్తితే చలికాలమంతా రొట్టె మీద రాసుకోవడానికి జకుస్కా సిద్ధం. తినడానికి ఇంటిల్లిపాదీ ఉన్నారు, వచ్చేపోయే చుట్టాలున్నారు, ఔరికా కొడుకు లివియు ఆసుపత్రి స్నేహితులున్నారు. వలవడానికి మాత్రం స్మరాండా ఒక్కతే. వారమంతా ఆసుపత్రిలో గుండె బొమ్మలు చదివి రిపోర్టులు రాసే డాక్టరమ్మ, ఆదివారం వచ్చేసరికి మోచేతుల దాకా మసి పూసుకున్న కోడలు. ఈ రెండు ఉద్యోగాల్లో రెండోదానికి సెలవు లేదు, ఆ ఉద్యోగం ఉన్నట్టు ఒప్పుకునేవాళ్లూ లేరు.

ఆ మిరపకాయల పెట్టెను పొద్దున ఆవిడే మోసుకొచ్చింది. లిఫ్టు పాడై చాలా రోజులైంది. మూడో అంతస్తు దగ్గరికి వచ్చేసరికి ఛాతీ మధ్యలో బరువుగా పట్టేసి, ఆ నొప్పి దవడ దాకా పాకింది. పెట్టె మెట్టు మీద దించి గోడకు ఆనుకుంది.

"లివియు, కాస్త ఆగు. గుండెల్లో నొప్పిగా ఉంది."

లివియు నాలుగు మెట్లు పైనుంచి వెనక్కి తిరిగాడు. ఒక చేతిలో కారు తాళాలు, ఇంకో చేతిలో ఫోను. "ఆగి ఆగి రా, ఎవరు తరుముతున్నారు? ఈ వయసులో ఆడవాళ్లకి ఇవన్నీ మామూలే. ఇంటికెళ్లాక మెగ్నీషియం మాత్ర వేసుకో." ఫోనులో ఎవరికో జవాబు చెబుతూ పైకి వెళ్లిపోయాడు.

నవ్వొచ్చే సంగతి ఏమిటంటే, ఆ జిల్లాలో గుండె నొప్పి అని ఎవరన్నా అంటే ముందు తలుచుకునే పేరు లివియుదే. మణికట్టు దగ్గర చిన్న గాటు పెట్టి, సన్నటి కాథెటర్ గొట్టాన్ని గుండె దాకా పంపి, మూసుకుపోయిన నాళాన్ని తెరిచే చెయ్యి అతనిది. పరాయి మనిషి గుండె పట్టుకుందంటే ముద్ద నోట్లో ఉండగానే లేచి పరిగెత్తుతాడు. బతికి బయటపడ్డవాళ్లు కోళ్లు తెచ్చిస్తారు, ఆల్బుకరా పళ్ల సారా తెచ్చిస్తారు. ఆ కోళ్లను శుభ్రం చేసి వండేది ఎవరో మళ్లీ చెప్పక్కర్లేదు.

నొప్పి సంగతి స్మరాండా అత్తగారితోనూ అంది ఒకసారి. "ఎదురెదురు కిటికీలు తెరుచుకుని కూర్చుంటే గాలి కొట్టి ఛాతీ పట్టేయక ఏం చేస్తుంది?" అని కిటికీ వేసేసి వెళ్లిందావిడ. ఆవిడకు మాత్రం ఏటా కొడుకు దగ్గరుండి అన్ని పరీక్షలూ చేయిస్తాడు.

లివియు పెద్దగా ఉండి నడిపిస్తున్న పరిశోధన కూడా ఆడవాళ్ల గుండె నొప్పి గురించే. ఛాతీలో నొప్పి అంటూ వస్తారు. కాథెటర్ పంపి చూస్తే పెద్ద నాళాలు శుభ్రంగా ఉంటాయి. ఏమీ లేదు, నరాల బలహీనత అని ఇంటికి పంపేస్తారు. వాళ్లు మళ్లీ అదే నొప్పితో వస్తారు, కొందరు రారు. కాథెటర్ బొమ్మలో కనబడని వెంట్రుకంత నాళాల్లో ఏమవుతోందో ఎమ్మారైలో చూడాలని ఈ పరిశోధన. ఆలోచన నిజానికి స్మరాండాది. అనుమతులకు రాసిన కాగితాలు ఆవిడవి. వేదిక ఎక్కి మాట్లాడేది లివియు. "నీకు జనం ముందు మాట్లాడాలంటే భయం కదా," అంటాడు. భయమని ఆవిడ ఎప్పుడూ అనలేదు. అతను అంటూ ఉంటే క్రమంగా ఆవిడకూ ఆ అనుమానం పట్టుకుంది.

జబ్బున్న ఆడవాళ్లతో పోల్చి చూడటానికి జబ్బు లేని ఆడవాళ్లు కూడా కావాలి. వాళ్లు దొరకడమే కష్టం. పని మానుకుని వచ్చి, సూది పొడిపించుకుని, ఆ యంత్రం గుహలో పడుకునేందుకు తీరికున్న ఆడది ఆ ఊళ్లో ఎక్కడుంది? ఆఖరికి ఒక్కరు తక్కువ పడ్డారు. లివియు అందరి ముందూ భార్య భుజం మీద చెయ్యి వేశాడు.

"ఇదిగో, మన దగ్గరే ఉందిగా! గుండ్రాయిలా ఉంది. ఏనాడూ ఒక్కరోజు మంచం పట్టి ఎరగదు."

అందరూ నవ్వారు. నర్సు పెన్ను తీసుకుని ప్రశ్నలు మొదలుపెట్టింది. "ఛాతీలో నొప్పి ఎప్పుడైనా...?"

"లేదు లేదు, రాసుకో," అన్నాడు లివియు.

అంతమంది ముందు మొగుడి మాట కాదనడం దేనికి అనుకుంది స్మరాండా. ఇరవై ఏళ్లుగా ఆవిడ అనుకుంటున్న మాటల్లో అదొకటి.

ఎమ్మారైలో పడుకోబెట్టి చేతిలో రబ్బరు బుడ్డి పెట్టారు. భరించలేకపోతే నొక్కమన్నారు. గుండెకు శ్రమ పెట్టే మందు నరంలోకి ఎక్కగానే ఛాతీ పట్టేసింది, ఊపిరి అందలేదు. ఈ మందు ఎవరికైనా అలాగే చేస్తుందని ఆవిడకు తెలుసు, రోగులకు తనే చెబుతుంది. అయితే ఆ నొప్పి దవడ దాకా పాకినప్పుడు మూడో అంతస్తు గోడ గుర్తొచ్చింది. బుడ్డి నొక్కలేదు. నొక్కితే పరీక్ష ఆగిపోతుంది, ఆ రోజంతా పాడవుతుంది, లివియు మొహం మాడ్చుకుంటాడు, ఇంటికెళ్లేదాకా కారులో మాట్లాడడు. నొప్పి కన్నా ఆ మౌనమే ఎక్కువ కష్టమనిపించింది ఆవిడకు. బయటికొచ్చాక "ఎలా ఉంది డాక్టర్ గారూ?" అని టెక్నీషియన్ అడిగితే "బాగానే ఉంది" అంది. ఆ జవాబు ఆవిడ నాలుక మీద ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది.

నెల తర్వాత బొమ్మలు చదవడం మొదలైంది. ఎవరివో తెలియకుండా పేర్లు తీసేసి, అంకెలు మాత్రం వేసి, జబ్బున్నవాళ్లవీ లేనివాళ్లవీ కలిపేసి ఇస్తారు. చదివేవాళ్ల మనసు ఒకవైపు మొగ్గకుండా ఉండటానికి. రంగు మందు గుండె కండలోకి రాగానే కండ అంతా తెల్లగా వెలగాలి. ఒక్కోసారి యంత్రం మోసం చేసి లోపలి అంచున సన్నటి నల్లగీత చూపిస్తుంది. అది గుండె రెండు మూడుసార్లు కొట్టుకునేలోపు మాయమైపోతుంది, దాన్ని లెక్కలోకి తీసుకోరు. మాయం కాకుండా నిలిచిపోయిందంటే అక్కడికి రక్తం అందడం లేదు.

ఆ మధ్యాహ్నం ఆవిడ ముందున్న బొమ్మలో నల్లగీత నిలిచిపోయింది. గుండె కొట్టుకుంటూనే ఉంది, గీత కదలడం లేదు. లోపలి అంచు చుట్టూ నల్లటి పట్టీ. "అయ్యో తల్లీ, ఎలా మోస్తున్నావమ్మా ఇంత నొప్పి?" అనుకుంది ఆ పేరులేని ఆడమనిషిని. ఏ మొగుడు నరాల బలహీనత అన్నాడో, ఏ డాక్టరు ఇంటికి పంపేశాడో అని కోపం కూడా వచ్చింది. జబ్బు ఉంది అని రాసి, బొమ్మ మూసేస్తూ అలవాటుగా గుండె కింద ఒకసారి చూసింది.

కాలేయం పైభాగంలో నాణెమంత నీటి తిత్తి. పక్కనే దానికి అంటుకుని శనగగింజంత ఇంకోటి. కూతురు తన కడుపులో ఉన్నప్పుడు స్కానింగులో బయటపడ్డ జంట అది. ఏ ప్రమాదమూ లేదని చెప్పి వదిలేశారు. ఇన్నేళ్లలో ఎన్నోసార్లు చూసుకుంది దాన్ని.

స్మరాండా మూయబోయిన బొమ్మను మళ్లీ తెరిచింది. తన మీద ఎవరూ చూపించని జాలి, తనైనా తన మీద పడని జాలి, పేరు కనబడకపోయేసరికి ఎంత సులువుగా పుట్టుకొచ్చిందో తలుచుకుంటే సిగ్గేసింది. పరాయిదనుకుంటే గాని తనను నమ్మలేకపోయింది.

లివియు తన గదిలో సమావేశానికి బొమ్మలు సర్దుకుంటున్నాడు. ఆవిడ తలుపు వేసి, ఉన్న సంగతి చెప్పింది. అతను బొమ్మ వైపు ఒక క్షణం చూశాడు.

"కదిలుంటావు. యంత్రం మోసం."

"మాయం కావట్లేదు లివియు. నువ్వే చూడు, మళ్లీ తిప్పు."

తిప్పాడు. రెండోసారి ఎక్కువసేపు చూశాడు. అతనికి చేతకాని విద్య కాదు, అర్థమైంది. గొంతు తగ్గించాడు.

"సరే. దీన్ని తీసేద్దాం. బొమ్మ సరిగా రాలేదని రాసి పక్కన పెట్టు."

"తీసేయడమేంటి?"

"ఆరోగ్యవంతుల వరసలో ఉన్నావు నువ్వు. అక్కడ జబ్బు మనిషి తేలితే మిగతావాళ్లని మాత్రం సరిగ్గా ఏరారా అని అడగరూ? పైగా నా సొంత పెళ్లాం. నలుగురూ నవ్వుతారు."

ఇంతవరకు అతను బొమ్మ గురించే మాట్లాడుతున్నాడు. ఆవిడ నిలబడే ఉంది, కూర్చోమని అనలేదు.

"అసలు నొప్పి ఉంటే నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు, ఇప్పుడే గుర్తొచ్చినట్టు.

"చెప్పాను."

"ఎప్పుడు?"

"మెట్ల మీద. చేతిలో మిరపకాయల పెట్టె ఉంది. నువ్వు మెగ్నీషియం అన్నావు."

లివియు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే ఈ కథ ఇంత కష్టంగా ఉండేది కాదు. "మనసులో పెట్టుకున్నావన్నమాట," అన్నాడు నొచ్చుకుని. తర్వాత ఆవిడ దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకున్నాడు. "చూడు, కంగారు పడకు. సమావేశం అయిపోనీ. ఆ తర్వాత నేనే కాథెటర్ వేసి చూస్తాను. ఎవరికీ తెలియక్కర్లేదు. అమ్మకి అసలే చెప్పకు, హడలిపోతుంది. ఇల్లెవరు చూస్తారని మొదలుపెడుతుంది."

ఆవిడకు ఆ చేతి వెచ్చదనం బాగుంది. ఎన్నాళ్లకు పట్టుకున్నాడు! ఆ చేతిని అలాగే ఉంచుకుని సరే అనేస్తే, అంతా మళ్లీ ఎప్పటిలా జరిగిపోతుంది. అతను కాథెటర్ వేస్తాడు, పెద్ద నాళాలు చూస్తాడు, అవి శుభ్రంగా ఉంటాయి. చూశావా ఏమీ లేదు అంటాడు, ప్రేమగానే అంటాడు. సన్నటి తీగ పంపి వెంట్రుకంత నాళాల్లోకి రక్తం ఎంత వేగంగా పోతోందో కొలిచే పరీక్ష ఒకటుంది. అది కాలక్షేపమని అతని అభిప్రాయం. ఆ పరీక్ష చేసే డాక్టరు ఇలింకాను వెనకాల ఎగతాళి చేస్తాడు. మళ్లీ తను ఆరోగ్యవంతుల వరసలోనే ఉండిపోతుంది, ఏదో ఒక మెట్టు మీద కూలిపోయేదాకా.

స్మరాండా చెయ్యి వెనక్కి తీసుకుంది.

"జబ్బు ఉందని రాశాను. దాన్ని మార్చను. నన్ను ఆ వరసలోంచి తీసి ఎక్కడ పెడతారో, పైవాళ్లకేం చెప్పుకుంటావో నీ ఇష్టం. కాథెటర్ ఇలింకా వేస్తుంది."

"ఇలింకానా? నేనుండగా?" నమ్మలేనట్టు చూశాడు. "జనం ఏమనుకుంటారు? సొంత మొగుణ్ణి నమ్మలేదనుకోరూ?"

"అనుకుంటే నిజమే అనుకుంటారు," అంది.

ఆ మాట అన్నది తనేనా అని ఆవిడకే భయమేసింది. తలుపు తీసుకుని బయటికి వచ్చింది. ఇలింకా గది వైపు నడిచింది.

రోగులు చూపించుకునే గది ముందు బెంచీ మీద ఆడవాళ్లు వరసగా కూర్చున్నారు. ఒళ్లో సంచులు, సంచుల్లో పాత రిపోర్టులు. ఆవిడ తెల్లకోటు విప్పి మడిచి ఒళ్లో పెట్టుకుని వాళ్ల చివర కూర్చుంది. పక్కనున్న రుమాలు కట్టుకున్న ముసలామె కొంచెం జరిగి చోటిచ్చింది. "నీకూ ఏమీ లేదన్నారా?" అని అడిగింది మెల్లిగా. స్మరాండా తలూపింది. ఫోను మోగింది. అత్తగారు. సీసాలకు మూతలు చాలక, వచ్చేటప్పుడు కొనుక్కు రమ్మనడానికి అయ్యుంటుంది. తీయలేదు. ఈ నొప్పికి సరైన మందు ఇంకా లేదని కూడా ఆవిడకు తెలుసు. తెలిసే కూర్చుంది.

వంతు వచ్చింది. లోపలికి వెళ్తే ఇలింకా కంగారుగా లేచి నిలబడింది. "డాక్టర్ గారూ! మీరు బెంచీ మీద కూర్చోవడమేంటి? కబురు చేస్తే నేనే వచ్చేదాన్నిగా!"

"కూర్చో ఇలింకా. డాక్టర్ని కాను ఈ పూట. అందరినీ అడిగినట్టే అడుగు."

ఇలింకా ఆవిడ మొహంలోకి చూసి కూర్చుంది. నాడి చూసింది. నొప్పి ఎక్కడ మొదలవుతుందో, ఎటు పాకుతుందో అడిగింది. స్మరాండా ఒక్కొక్కటే చెప్పింది. తన నొప్పి గురించి ఎవరో అడగడం, తను చెబుతుంటే మధ్యలో లేచి వెళ్లిపోకుండా వినడం ఆవిడకు కొత్తగా ఉంది.

"బరువులు మోస్తే, మెట్లెక్కితే వస్తుందన్నారు కదా. మరి విశ్రాంతిగా ఉన్నప్పుడు కూడా వస్తుందా?"

అబద్ధం చెప్పకూడదని స్మరాండా ఈ రోజే నిర్ణయించుకుంది.

"తెలీదమ్మా," అంది. "ఎప్పుడూ అలా ఉండి చూడలేదు."